వానవేళ ఉపగ్రహ సంధానం: పరిస్థితిని బట్టి మారే బ్యాండ్‌విడ్త్ కేటాయింపు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: నగరంలోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, మధురానగర్ పరిసరాలు తెలుగు చలనచిత్ర, టెలివిజన్ రంగాలకు నెలవుగా పేరొందాయి. ఇక్కడి నుంచి వెలువడే వినోద కార్యక్రమాలు, వార్తా ప్రసారాలు, ప్రభుత్వ విద్యా ఛానళ్ల పాఠాలు మారుమూల గ్రామాలకు చేరడంలో భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే సమాచార ఉపగ్రహాలది ప్రధాన పాత్ర. అయితే కుండపోత వర్షం కురిసినపుడు ఇంటి పైకప్పు మీది డిష్ ద్వారా వచ్చే బొమ్మ ముక్కలు ముక్కలై నిలిచిపోవడం మధురానగర్ మొదలు మన్యం గ్రామాల వరకు అందరికీ అనుభవమే. వినోద కార్యక్రమం కొన్ని నిమిషాలు ఆగితే నష్టం స్వల్పమే. వరదలో చిక్కుకున్న మండల కేంద్రానికి ఉన్న ఏకైక సంధానం ఆగిపోతే మాత్రం నష్టం అపారం. ఈ సమస్యకు ఇంజినీర్లు కనుగొన్న ప్రధాన పరిష్కారమే పరిస్థితికి అనుగుణంగా బ్యాండ్‌విడ్త్‌ను మార్చి మార్చి కేటాయించే విధానం. ఈ విధానం పనిచేసే తీరు, దాని పరిమితులు, అమలులో పాలనా యంత్రాంగం ముందుగా తీసుకోవలసిన నిర్ణయాలు ఈ విధంగా ఉన్నాయి.

ఉన్నది పరిమితమే

ఉపగ్రహంలో భూమి నుంచి వచ్చే సిగ్నల్‌ను అందుకుని, బలపరచి, తిరిగి భూమికి పంపే సాధనాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. 2011 మే 21న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి ప్రయోగించిన జీశాట్-8 ఉపగ్రహంలో కేయూ బ్యాండ్‌కు చెందిన 24 ట్రాన్స్‌పాండర్లను అమర్చారు. ఒక్కొక్కదాని వెడల్పు 36 మెగాహెర్ట్జ్. ఉపగ్రహం ఒకసారి కక్ష్యలోకి చేరిన తరువాత ట్రాన్స్‌పాండర్ల సంఖ్యను పెంచడం సాధ్యం కాదు. కాబట్టి ఉన్న వెడల్పును ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న.

దీనిని చెరువు నీటి పంపకంతో పోల్చవచ్చు. చెరువులోని నీరు పరిమితం. ప్రతి తూమును ఏడాది పొడవునా ఒకే మేరకు తెరిచి ఉంచితే కొన్ని పొలాలలో నీరు వృథాగా పోతుంది, మరికొన్ని ఎండుతాయి. ఏ మడికి ఎప్పుడు తడి కావాలో చూసి నీరు మళ్లించేందుకే తెలంగాణ గ్రామాలలో నీరటి వ్యవస్థ ఏర్పడింది. ఉపగ్రహ వ్యవస్థలో ఆ పనిని హబ్‌గా పిలిచే ప్రధాన భూకేంద్రంలోని కంప్యూటర్లు నిర్వర్తిస్తాయి. నీరటి రోజుకోసారి నిర్ణయం తీసుకుంటే, హబ్ సెకనులో అనేక పర్యాయాలు నిర్ణయం తీసుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంటెల్‌శాట్ ఉపగ్రహాలపై 1970 దశకంలోనే ‘స్పేడ్’ అనే విధానం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం టెలిఫోన్ కాల్ వచ్చినపుడు మాత్రమే ఛానల్ కేటాయించి, కాల్ ముగియగానే దానిని వెనక్కి తీసుకునేవారు. అవసరాన్ని బట్టి కేటాయింపునకు అది తొలి రూపం. వాతావరణాన్ని బట్టి కేటాయింపు ఆ తరువాతి కాలంలో వచ్చి చేరింది.

వర్షం చేసే నష్టం

కేయూ బ్యాండ్‌లో ఉపగ్రహం నుంచి దిగివచ్చే తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వర్షపు చినుకులు ఈ తరంగాల శక్తిని కొంత పీల్చుకుని, మరికొంత చెదరగొడతాయి. వాన ఎంత జోరుగా ఉంటే నష్టం అంత ఎక్కువ. ఫ్రీక్వెన్సీ పెరిగినకొద్దీ నష్టం మరింత పెరుగుతుంది. అందువల్ల పాత సీ బ్యాండ్ కంటే కేయూ బ్యాండ్‌కు, కేయూ బ్యాండ్ కంటే కేఏ బ్యాండ్‌కు వర్షభయం అధికం.

ఈ నష్టాన్ని తట్టుకోవడానికి తొలినాళ్లలో అనుసరించిన పద్ధతి ఒక్కటే. ఏడాదిలో అతి జోరైన వానను దృష్టిలో ఉంచుకుని, ఆ వానలోనూ సిగ్నల్ నిలిచేలా వేగాన్ని శాశ్వతంగా తక్కువ స్థాయిలో ఉంచేవారు. ఫలితంగా ఏడాదిలో కొద్ది గంటలపాటు కురిసే జడివాన కోసం మిగిలిన కాలమంతా ట్రాన్స్‌పాండర్ సామర్థ్యంలో పెద్ద భాగం నిరుపయోగంగా ఉండేది.

వేగాన్ని మార్చే విధానం

ఉపగ్రహం ద్వారా పంపే సమాచారం సింబల్స్ రూపంలో ప్రయాణిస్తుంది. ప్రతి సింబల్‌లో ఎన్ని బిట్లు ఇమడ్చాలి, వాటిలో ఎంత భాగాన్ని పొరపాట్లు సరిదిద్దే రక్షణకు కేటాయించాలి అన్న రెండు అంశాలపై వేగం ఆధారపడుతుంది. 2005లో యూరోపియన్ ప్రమాణాల సంస్థ ఆమోదించిన డీవీబీ-ఎస్2 ప్రమాణంలో ఇటువంటి 28 కూర్పులకు స్థానం కల్పించారు. అన్నింటికంటే గట్టి రక్షణ గల కూర్పుకు, అన్నింటికంటే వేగవంతమైన కూర్పుకు మధ్య వ్యత్యాసం సుమారు 9 రెట్లు.

ఉదాహరణకు 36 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌పాండర్‌లో సెకనుకు 3 కోట్ల సింబల్స్ పంపుతున్నట్లు భావిద్దాం. క్యూపీఎస్‌కే 1/2 అనే కూర్పులో సింబల్‌కు రెండు బిట్లు ఉండగా, అందులో సగం రక్షణకే పోతుంది. నికరంగా సెకనుకు సుమారు 30 మెగాబిట్లు లభిస్తాయి. 8పీఎస్‌కే 3/4 కూర్పులో సింబల్‌కు మూడు బిట్లు ఉండగా, రక్షణకు పోయేది నాలుగో వంతు మాత్రమే. నికరంగా సుమారు 67 మెగాబిట్లు లభిస్తాయి. అయితే రెండో కూర్పు పనిచేయాలంటే మొదటి దానికంటే దాదాపు ఐదు రెట్లు బలమైన సిగ్నల్ కావాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నపుడు అంత బలం ఉంటుంది. వానలో ఉండదు.

పరిస్థితిని బట్టి మారే విధానంలో ప్రతి గ్రామీణ కేంద్రంలోని వీశాట్ పరికరం తనకు అందుతున్న సిగ్నల్ నాణ్యతను ఎప్పటికప్పుడు కొలిచి హబ్‌కు తెలియజేస్తుంది. ఆ కేంద్రం వద్ద వాన మొదలైతే హబ్ ఆ ఒక్క కేంద్రానికి పంపే సమాచారాన్ని గట్టి రక్షణ గల కూర్పులోకి మారుస్తుంది. వాన వెలిసిన వెంటనే తిరిగి వేగవంతమైన కూర్పునకు వస్తుంది. ఇతర కేంద్రాలపై ప్రత్యక్ష ప్రభావం ఉండదు. సిగ్నల్ ఉపగ్రహానికి చేరి తిరిగి భూమికి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. కేంద్రం నుంచి నివేదిక అందడానికి ఒక విడత, మార్పు అమలులోకి రావడానికి మరో విడత కలిపి సుమారు అర సెకను ఆలస్యం తప్పదు. ఆ వ్యవధిలో సిగ్నల్ మరికొంత పడిపోయినా సంధానం తెగకుండా కొద్దిపాటి మిగులును ఉంచుతారు.

హబ్ ఉన్న చోటనే వాన పడితే పరిస్థితి వేరుగా ఉంటుంది. అక్కడి నుంచి ఉపగ్రహానికి వెళ్లే సిగ్నల్ బలహీనపడితే రాష్ట్రమంతటా ఉన్న కేంద్రాలన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. అందువల్ల వానను బట్టి హబ్ ప్రసార శక్తిని పెంచే స్వయంచాలక ఏర్పాటు అవసరమవుతుంది. అత్యంత కీలకమైన వ్యవస్థలలో మరో ప్రాంతంలో ప్రత్యామ్నాయ హబ్‌ను కూడా సిద్ధంగా ఉంచుతారు.

ఎవరి అవసరం ఏ తరహాది

గ్రామీణ కేంద్రాల నుంచి హబ్‌కు వచ్చే మార్గంలో కాలాన్ని, ఫ్రీక్వెన్సీని చిన్న చిన్న గడులుగా విభజించి, ఎవరికి ఏ గడి ఇవ్వాలో హబ్ నిర్ణయిస్తుంది. ఇందుకోసం రూపొందిన డీవీబీ-ఆర్‌సీఎస్ ప్రమాణం అభ్యర్థనలను పలు తరగతులుగా గుర్తించింది. మొదటిది ఎల్లవేళలా స్థిరంగా ఉండే వాటా. రెండోది కోరిన వేగాన్ని బట్టి మారే వాటా. మూడోది పంపవలసిన సమాచార పరిమాణాన్ని బట్టి ఇచ్చే వాటా. వీటన్నింటి తరువాత మిగిలిన గడులను అడగకుండానే పంచే వెసులుబాటు కూడా ఉంది.

చలనచిత్ర, టెలివిజన్ రంగాలలోనే ఈ తేడాలకు చక్కని ఉదాహరణలు కనిపిస్తాయి. సంఘటనా స్థలం నుంచి వార్తా ఛానల్ ఓబీ వ్యాన్ పంపే ప్రత్యక్ష ప్రసారానికి స్థిరమైన వాటా కావాలి. అర సెకను ఆగినా తెరపై తెలిసిపోతుంది. దేశంలో 2000 దశకం మధ్య నుంచి యూఎఫ్‌ఓ మూవీజ్ వంటి సంస్థలు ఉపగ్రహం ద్వారా థియేటర్లకు చిత్రాలను చేరవేసే పద్ధతిని విస్తరింపజేశాయి. సినిమా ఫైల్ విడుదల సమయానికి ముందు చేరితే చాలు. వాన వల్ల కొంత భాగం అందకపోతే ఆ భాగాన్ని మళ్లీ పంపవచ్చు. ఇటువంటి ఫైళ్లను రద్దీ లేని వేళల్లో మిగులు సామర్థ్యంపై పంపడం సాధ్యమవుతుంది. ప్రభుత్వ కార్యాలయాల వీడియో సమావేశం మొదటి కోవకు, నెలవారీ నివేదికల అప్‌లోడ్ రెండో కోవకు చెందుతాయి. రెండింటికీ ఒకే తరగతి కేటాయిస్తే ఒకటి దెబ్బతింటుంది, లేదా మరొకటి వృథా అవుతుంది.

ప్రసారానికి వర్తించని సౌలభ్యం

ఈ విధానం గురించి తరచుగా తలెత్తే అపోహ ఒకటి ఉంది. ఒకే కార్యక్రమాన్ని ఒకేసారి వేలాది డిష్‌లకు పంపే ప్రసారానికి, ఒక్కొక్క కేంద్రంతో విడివిడిగా జరిపే సంధానానికి మధ్య మౌలికమైన తేడా ఉన్నది.

ఉపగ్రహ విద్యా ప్రసారాలతో తెలుగు నేలకు దీర్ఘకాల అనుబంధం ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 2,400 గ్రామాలలో నిర్వహించిన ‘సైట్’ ప్రయోగానికి ఎంపికైన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో సాప్‌నెట్ ఆధ్వర్యంలో మన టీవీ ప్రసారాలు సాగాయి. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో జూబ్లీహిల్స్ ప్రశాసన్‌నగర్ కేంద్రంగా ఉన్న సాఫ్ట్‌నెట్ ఆధ్వర్యంలో 2017లో టి-శాట్ నిపుణ, టి-శాట్ విద్య పేరిట ఛానళ్లు రూపుదిద్దుకున్నాయి. వీటికి జీశాట్-8 వినియోగపడింది. కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతబడిన సమయంలో 2020 సెప్టెంబరు 1 నుంచి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా డిజిటల్ పాఠాలు ప్రారంభమయ్యాయి.

ఇటువంటి ప్రసారంలో స్వీకరించే డిష్‌కు మాట వినడమే తప్ప బదులు చెప్పే మార్గం లేదు. ఏ గ్రామంలో వాన పడుతున్నదో ప్రసార కేంద్రానికి తెలియదు. తెలిసినా ఆ గ్రామం కోసం వేగం తగ్గిస్తే రాష్ట్రమంతటికీ తగ్గుతుంది. అందువల్ల బలహీనమైన డిష్‌ను దృష్టిలో ఉంచుకునే ప్రసార స్థాయిని నిర్ణయించవలసి ఉంటుంది. వర్షాలు అధికంగా కురిసే ప్రాంతాల పాఠశాలలకు పెద్ద డిష్ అమర్చడం, డిష్ దిశను ఏటా వానాకాలానికి ముందు సరిచూడడం, పాఠాలను ఇంటర్నెట్‌లోనూ అందుబాటులో ఉంచడం వంటి చర్యలే ఇక్కడ పరిష్కారం. కేటాయింపు వ్యవస్థను ఆధునీకరించినంత మాత్రాన పాఠశాల టీవీలో బొమ్మ మెరుగుపడుతుందని ఆశించరాదు.

వాటాల లెక్క

రెండు వైపులా సంధానం గల వీశాట్ వ్యవస్థలో ప్రయోజనం ఎంత, హద్దు ఎక్కడ అన్నది ఒక సాధారణ లెక్కతో గ్రహించవచ్చు. పైన పేర్కొన్న ట్రాన్స్‌పాండర్‌పై 100 మండల కేంద్రాలు ఆధారపడి ఉన్నాయని, ఒక్కొక్కదానికి సెకనుకు 500 కిలోబిట్లు కావాలని అనుకుందాం.

వేగాన్ని శాశ్వతంగా వాన స్థాయిలో, అంటే క్యూపీఎస్‌కే 1/2 వద్ద ఉంచితే ఈ అవసరం ట్రాన్స్‌పాండర్ సామర్థ్యంలో 169 శాతానికి చేరుతుంది. అంటే ఎండ కాసే రోజున కూడా ఒక ట్రాన్స్‌పాండర్ సరిపోదు. రెండోది అద్దెకు తీసుకోవలసిందే. పరిస్థితిని బట్టి మారే విధానంలో నిర్మలాకాశం ఉన్నపుడు అదే అవసరం 75 శాతంలో తీరుతుంది. 20 కేంద్రాలలో వాన పడితే 94 శాతం అవుతుంది. సుమారు 26 కేంద్రాల వరకు వానలో ఉన్నా ఎవరి వాటా తగ్గించనవసరం లేదు. ఒక ట్రాన్స్‌పాండర్ అద్దె ఆదా అవుతుంది.

అయితే రాష్ట్రమంతటా ముసురు పట్టి 60 కేంద్రాలు వానలో చిక్కుకుంటే అవసరం 131 శాతానికి పెరుగుతుంది. అప్పుడు కోత తప్పదు. కోత ఎవరికి అన్నదే కీలకమైన ప్రశ్న.

అందరికీ సమానమైన వేగం దక్కాలని నిర్ణయిస్తే ప్రతి కేంద్రానికి సుమారు 380 కిలోబిట్లు వస్తాయి. వాన లేని 40 కేంద్రాల అవసరం పూర్తిగా తీర్చి, మిగిలిన సామర్థ్యాన్ని వానలో ఉన్న 60 కేంద్రాలకు పంచితే, మొదటివాటికి 500, రెండోవాటికి సుమారు 346 కిలోబిట్లు వస్తాయి. రెండో పద్ధతిలో ట్రాన్స్‌పాండర్ మోసే మొత్తం సమాచారం ఎక్కువ. సామర్థ్య నివేదికలో అంకెలు మెరుగ్గా కనిపిస్తాయి. కానీ కోత భారమంతా వానలో ఉన్న కేంద్రాలపైనే పడుతుంది.

వానలో ఉన్న కేంద్రానికి ఒక బిట్ చేర్చడానికి వాన లేని కేంద్రం కంటే రెండు రెట్లకు పైగా సామర్థ్యం ఖర్చవుతుంది. కేవలం మొత్తం సమాచారాన్ని పెంచడమే లక్ష్యంగా కంప్యూటర్‌కు నిర్దేశిస్తే అది సహజంగానే ఆ కేంద్రాలను చివరకు నెడుతుంది. ఆ సమయంలో సంధానం అత్యవసరమైనది ఆ కేంద్రాలకే.

అత్యవసర వేళ ప్రాధాన్యం

ఇది ఊహాజనితమైన సమస్య కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ధాటికి విద్యుత్తుతో పాటు టెలిఫోన్, మొబైల్ వ్యవస్థలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. ఇటువంటి సందర్భాలలో స్తంభాలు, తీగలు, ఫైబర్ కేబుళ్లు తెగిపోయినా భూమిపై మార్గంతో పని లేని ఉపగ్రహ సంధానం నిలిచే అవకాశం ఉంటుంది. దానికి కావలసినవి చెక్కుచెదరని డిష్, బ్యాటరీ లేదా జనరేటర్, హబ్ వద్ద ముందుగా కేటాయించి ఉంచిన ప్రాధాన్యం.

ఆ ప్రాధాన్యాన్ని హబ్ యంత్రం తనంత తానుగా నిర్ణయించలేదు. కలెక్టరేట్, పోలీసు, వైద్య సేవల సంధానాన్ని ఏ తరగతిలో ఉంచాలి, వాటికి ఎంత కనీస వేగం హామీ ఇవ్వాలి, విపత్తు ప్రకటన వెలువడిన వెంటనే ఏ సేవలను తాత్కాలికంగా నిలిపివేయాలి అన్న అంశాలను తుపాను రాకముందే నిర్ణయించి హబ్‌లో నమోదు చేయవలసి ఉంటుంది. గాలివాన మధ్యలో ఈ మార్పులు చేయడం ఆచరణలో కష్టసాధ్యం.

కొత్త తరం ఉపగ్రహాలు

ఇటీవలి ఉపగ్రహాలు దేశమంతటినీ ఒకే కిరణంతో కప్పివేయకుండా అనేక చిన్న కిరణాలుగా విడగొట్టి, ఒకే ఫ్రీక్వెన్సీని దూరదూరంగా ఉన్న ప్రాంతాలలో మళ్లీ మళ్లీ వినియోగిస్తున్నాయి. 2018 డిసెంబరు 5న ప్రయోగించిన జీశాట్-11లో వినియోగదారుల కోసం 32 కేయూ బ్యాండ్ కిరణాలను ఏర్పాటు చేశారు. 2024 నవంబరులో అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి ప్రయోగించిన జీశాట్-ఎన్2 సెకనుకు 48 గిగాబిట్ల సామర్థ్యంతో రూపొందింది. దాని 32 కిరణాలలో 8 ఈశాన్య ప్రాంతానికి, 24 మిగిలిన దేశానికి ఉద్దేశించినవి. ఇది కేఏ బ్యాండ్‌లో పనిచేస్తుంది. సామర్థ్యం హెచ్చినప్పటికీ వర్ష ప్రభావం కూడా హెచ్చు కాబట్టి పరిస్థితిని బట్టి వేగాన్ని మార్చే ఏర్పాటు ఇందులో అనివార్యం.

కిరణాల హద్దులను, శక్తిని కక్ష్యలో ఉండగానే సాఫ్ట్‌వేర్ ద్వారా మార్చగల ఉపగ్రహాలు కూడా వచ్చాయి. 2021 జూలై 30న ప్రయోగించిన యూటెల్‌శాట్ క్వాంటమ్ ఇందుకు ఉదాహరణ. తుపాను ప్రాంతానికి తాత్కాలికంగా ఎక్కువ సామర్థ్యాన్ని మళ్లించడం ఇటువంటి ఉపగ్రహాలతో సాధ్యమవుతుంది. అప్పుడు కూడా ఎక్కడి నుంచి తగ్గించి ఎక్కడికి మళ్లించాలన్న నిర్ణయం మనుషులదే.

పరిశీలించవలసిన అంశాలు

ఉపగ్రహ సేవల టెండర్లు, ఒప్పందాలను పరిశీలించే అధికారులు, వాటిపై వార్తలు రాసే విలేకరులు కింది అంశాలపై స్పష్టత కోరడం సముచితం.

1. ఒప్పందంలోని వేగం గరిష్ఠ వేగమా, హామీ ఇచ్చిన కనీస వేగమా? ‘వరకు’ అనే మాటతో పేర్కొన్న వేగం హామీ కాదు.

2. ఒకే సామర్థ్యాన్ని ఎన్ని కేంద్రాలు పంచుకుంటున్నాయి? ఎన్ని కేంద్రాలు ఒకేసారి వానలో ఉన్నంత వరకు వాటా తగ్గకుండా ఉంటుంది?

3. కోత అనివార్యమైనపుడు సమాన వేగం పాటిస్తారా, మొత్తం సమాచారానికి ప్రాధాన్యం ఇస్తారా? ఆ నియమాన్ని నిర్ణయించేది సేవాసంస్థా, సంబంధిత శాఖా?

4. సేవ అందుబాటు శాతాన్ని ఏడాది సగటుగా లెక్కిస్తున్నారా, వానాకాలానికి విడిగా కూడా లెక్కిస్తున్నారా? ఏడాదిలో 99.5 శాతం అందుబాటు అంటే సుమారు 44 గంటలు సేవ లేనట్లే. ఆ 44 గంటలూ జూలై నుంచి అక్టోబరు మధ్యనే రావచ్చు.

5. హబ్ ఉన్న ప్రాంతంలో భారీ వర్షం కురిస్తే ప్రసార శక్తిని పెంచే ఏర్పాటు, ప్రత్యామ్నాయ కేంద్రం ఉన్నాయా?

6. అత్యవసర సేవల ప్రాధాన్య క్రమాన్ని లిఖితపూర్వకంగా నిర్ణయించి, వానాకాలానికి ముందు ప్రయోగాత్మకంగా పరీక్షించారా?

పరిస్థితిని బట్టి మారే కేటాయింపు వల్ల ఉన్న బ్యాండ్‌విడ్త్ వృథా కాకుండా ఉంటుంది, తక్కువ వ్యయంతో ఎక్కువ గ్రామాలకు సేవ అందుతుంది. కొరత ఏర్పడినపుడు ఎవరిని ముందు ఆదుకోవాలన్న నియమాన్ని మాత్రం సంబంధిత శాఖలు ముందుగా నిర్దేశించవలసి ఉన్నది. ఆ నియమం ఒప్పంద పత్రంలో చోటు చేసుకున్నపుడే జడివానలోని మారుమూల మండల కేంద్రానికి ఈ విధానం పూర్తి ప్రయోజనం చేకూరుతుంది.